చెయ్యి వేసిన లాప్‌టాప్

లోవలక్ష్మికి చేపల రేవులో ఒక పేరుంది. వేలంపాటలో ఆవిడ గంప మీద చెయ్యి వేసిందంటే ఆ గంప ఆవిడదే. తర్వాత పక్కన ఎంత మంచి చందువా చేపలు దిగినా కన్నెత్తి చూడదు. చెయ్యి వెనక్కి తీసుకోవడమంటే మాట వెనక్కి తీసుకోవడమేనని ఆ రేవులో అందరూ అనుకుంటారు, లోవలక్ష్మి అయితే మరీను.

అలాంటి మనిషి కూతురు దుర్గాశ్రీని వెంటబెట్టుకుని తుని బజారులో కంప్యూటర్ల షాపుకి వచ్చింది. పిల్ల పదో తరగతి. స్కూల్లో ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తెల్లవారకుండానే తండ్రి పల్లంరాజుతో సముద్రంలోకి వెళ్లిపోతుంది. అది ఒడ్డుకి చేరేసరికి దానికి ఛార్జింగూ ఉండదు, పిల్లకి ఓపికా ఉండదు. ఇలా కాదని, ఈసారి రొయ్య బాగా పడగానే లోవలక్ష్మి బయల్దేరింది.

షాపులో అడుగుపెట్టగానే ఎదురుగా ఒక లాప్‌టాప్. మీటల కింద ఎర్ర లైట్లు, నీలం లైట్లు, జాతరలో పందిరికి వేసినట్టు వెలుగుతున్నాయి. ఎత్తి చూస్తే బరువుగా, దిట్టంగా ఉంది. లోవలక్ష్మి మనసు పారేసుకుంది. దాని మీద అరచెయ్యి పెట్టి, "ఇది మాకండి" అంది.

షాపులో పనిచేసే ప్రసన్నకుమార్ సంబరపడిపోయాడు. దుర్గాశ్రీ మాత్రం తల్లి చేతివంక చూసి బిక్కమొహం వేసింది.

"ఏంటే, నచ్చలేదా?"

"బాగుందమ్మా. కానీ అది గేమ్స్ ఆడేవాళ్లకి. ఛార్జింగ్ రెండు గంటలు కూడా ఆగదు. గాలేస్తే చాలు, మనకి కరెంటు పోద్ది కదా." పిల్ల మూలనున్న బూడిదరంగు దాన్ని కళ్లతోనే చూపించింది. "అదైతే పొద్దున్న ఛార్జింగ్ పెడితే సాయంత్రం దాకా వస్తది. బ్యాగులో పెట్టుకున్నా భుజం లాగదు."

లోవలక్ష్మి చూసింది. లైట్లు లేవు, షోకు లేదు. "పిల్ల చెప్పేది నిజమేనాండి?" అని ప్రసన్నకుమార్‌ని అడిగింది.

"నిజమేనండి. చదువుకైతే అదే మంచిదండి. మార్చేసుకోండి, ఏం పర్లేదు. ఇంకా బిల్లు కూడా కొట్టలేదు కదండి."

ఏం పర్లేదట. లోవలక్ష్మికి ఒళ్లు మండింది. బిల్లు కొడితే తప్ప మాటకి విలువ లేదా? చెయ్యి వేశాక మార్చుకునే దారి రేవులోనూ లేకపోలేదు. నలుగురిలో నిలబడి తప్పయిందని ఒప్పుకుని, చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీ పోయించాలి. తాగేవాళ్లకి అది సరదా, పోయించినవాళ్లకి సీజనంతా వెక్కిరింపులు. అలాంటి టీలు లోవలక్ష్మి చాలా తాగింది గానీ ఎవరికీ పోయించింది లేదు. నష్టమని తెలిసి కూడా మెత్తబడిన చేపల గంపల్ని మోసుకెళ్లిందే తప్ప చెయ్యి తియ్యలేదు.

ఆ సంగతి దుర్గాశ్రీకి తెలుసు. తల్లి మొహం చూసి, "పోన్లేమ్మా, ఇదే తీసుకుందాం. కరెంటున్నప్పుడే రాసుకుంటాను" అంది. నవ్వుతూనే అంది.

ఆ నవ్వే లోవలక్ష్మికి గుచ్చుకుంది. ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే. ఫోన్ లేదంటే పోన్లే, కరెంటు లేదంటే పోన్లే. ఇప్పుడు తల్లి పరువు కోసం చదువుని కూడా పోన్లే అనేస్తోంది. నా పరువు దీని చదువు కంటే పెద్దదా అనుకుంది.

చెయ్యి తీసేసింది. గుమ్మంలోకి వెళ్లి, "షాపులో ఉన్నవాళ్లందరికీ టీ పంపండి" అని ఎదురు టీకొట్టాయన్ని కేకేసింది. టీలు వచ్చాక నడిమధ్యలో నిలబడి, అందరికీ వినపడేలా చెప్పింది.

"తప్పయిపోయిందండి. తెలీక చెయ్యేశాను. ఆ మూలనున్నది ఇప్పించండి."

ప్రసన్నకుమార్ గ్లాసు పట్టుకుని నోరు తెరిచాడు. ప్రింటరు బాగుచేయించుకోడానికి వచ్చిన పెద్దాయన టీ ఊదుకుంటూ, "ఏంటమ్మా విశేషం, పిల్ల పుట్టినరోజా?" అని అడిగాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

అర్థమైంది ఒక్క దుర్గాశ్రీకే. తన టీ తాగకుండా తల్లినే చూస్తోంది, కళ్లనిండా నీళ్లతో.

"రేవులో తెలిస్తే నిన్ను ఆటపట్టిస్తారమ్మా."

"పట్టించనీ. నేనే చెప్తాను అందరికీ" అంది లోవలక్ష్మి. మాట తప్పినందుకు సిగ్గుపడాల్సిన మనిషి లోపల గర్వంతో పొంగిపోతోంది.