రెండు ముక్కల కనుబొమ్మ

మా అక్క ఎడమ కనుబొమ్మ రెండు ముక్కలు. మధ్యలో బియ్యపు గింజంత ఖాళీ. అది నా నిర్వాకమేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు అక్క చెబుతుంది.

పద్దెనిమిదేళ్ల కిందట ఇద్దరం ఒక జట్టుగా షటిల్ ఆడుతున్నాం. నాకు పదకొండు, అక్కకు పదిహేను. కాక్ సరిగ్గా మా ఇద్దరి మధ్యకు వచ్చింది. అలాంటప్పుడు ఒకరు "నాది" అని అరవాలి, రెండోవాళ్లు తప్పుకోవాలి. తను అరిచినా వినకుండా నేను బ్యాట్ ఊపానని అక్క కథనం. నేనూ ఏదో అరిచినట్టు లీలగా గుర్తు. కానీ ఏడు కుట్లు పడ్డ మనిషి ముందు ఒక్క కుట్టూ పడనివాడి మాట చెల్లుతుందా?

అప్పటి నుంచి కారులో ముందు సీటు అక్కది, తడిబట్టలు ఆరేసే పని నాది. పెళ్లై రెండు వీధుల అవతలికి వెళ్లాక కూడా, వాళ్లింట్లో కుళాయి కారితే ఫోన్ చేసి, "కనుబొమ్మ దురద పెడుతోందిరా" అంటుంది. నేను స్పానర్ తీసుకుని బయల్దేరతాను. బావ ఇంట్లోనే ఉంటాడు, పేపరు చదువుతూ.

అందుకే, చెవి వెనక వెంట్రుకలు తీసి కనుబొమ్మలో నాటే డాక్టరమ్మ ఉందని తెలియగానే నేనే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. తమ్ముడి ప్రేమ చూసి అమ్మ మురిసిపోయింది. నాకు కావలసింది విడుదల. మచ్చ పోతే కేసు కొట్టేసినట్టే కదా.

డాక్టరమ్మ భూతద్దంలోంచి మచ్చను చూసి, దెబ్బ ఎలా తగిలిందని అడిగింది. నేను అలవాటు ప్రకారం తల దించుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే నాటింది నిలవకపోవచ్చని కూడా అంది. అక్క దేవుడికి భయపడదు గానీ డాక్టర్లకు భయపడుతుంది.

"వీడే 'నాది' అని అరిచాడండీ," అంది నా వైపు చూడకుండా. "నేనే ఆగకుండా అడ్డం పోయాను."

నాకు కోపం వచ్చింది. పద్దెనిమిదేళ్ల కోపం ఒకేసారి రావడానికి ఆ గది చాల్లేదు. బయట బెంచీ మీద కూర్చున్నాను. పని అయ్యాక అక్కను ఇంటి దగ్గర దింపాను. దారి పొడవునా అక్క వెనక సీట్లో కూర్చుంది.

తర్వాత అయిదు నెలలు ఫోన్ రాలేదు. వాళ్ల కుళాయిలన్నీ ఒక్కసారిగా బాగుపడ్డట్టున్నాయి. విడుదలంటే ఇలా ఉంటుందని నాకు తెలియదు. ఆదివారాలు గడవడం లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మా అక్క మీద బెంగ పట్టుకుంది.

ఒక ఆదివారం తనే వచ్చింది. ఖాళీ పూడింది, కాకపోతే అక్కడి వెంట్రుకలు కంట్లోకి వేలాడుతున్నాయి. తల వెంట్రుకలు కదా, ఎక్కడ నాటినా తల మీద ఉన్నట్టే పెరుగుతాయట. పది రోజులకోసారి కత్తిరించాలి. సొంతంగా చేసుకుందామంటే ఆ కన్ను మూసుకోవాలి, బావకేమో చెయ్యి వణుకుతుంది. అక్క చిన్న కత్తెర తీసి బల్ల మీద పెట్టింది.

"ఇక నిన్ను అడగడానికి నాకు మొహం లేదురా. పార్లర్‌కు పోతాలే," అని కత్తెర కోసం చెయ్యి చాపింది.

"నాది," అన్నాను.

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, రెండు కళ్లూ మూసుకుని ముఖం పైకెత్తింది.