పెనం ఎక్కని రొట్టె

పన్నెండో నంబరు కౌంటరులో హులిగమ్మ జొన్నపిండి ముద్దను పీట మీద తిప్పుతూ తడిచేత్తో తట్టుతోంది. అంచు పలచబడి, ఎత్తి పెనం మీద వేయాల్సిన వేళకు రొట్టెను మళ్లీ నలిపి ముద్ద చేసింది. పొద్దుటి నుంచీ అదే ముద్ద. అద్దానికి అవతల ఎవరో ఫోనులో వీడియో తీస్తున్నారు. పక్కన పెనం చల్లగా ఉంది.

బెంగళూరు మాల్‌లో ఈ అంతస్తు ఒకప్పుడు బట్టల దుకాణం. జనం బట్టలు ఫోన్లో కొనడం మొదలుపెట్టాక అది మూతపడింది. యజమానులు ఇరవై రెండు తిండి కౌంటర్లు పెట్టి ఫుడ్ హాల్ అన్నారు. జనం విరగబడ్డారు. ఇప్పుడు ఇంకో రెండు మాల్స్‌లో ఇలాంటివే తెరుస్తున్నారు. అన్ని రొట్టెలు ఒక మనిషి చేతుల్లో పుట్టవు కనుక మిషను వచ్చింది. రొట్టెలు వెనక తలుపు నుంచి డబ్బాల్లో వస్తాయి. హులిగమ్మ ముందువైపు నిలబడి తట్టే చప్పుడు చేస్తుంది.

కోసిగిలో ఏటా సుగ్గికి, పరాయి ఊళ్ల పంట కోతలకు, వలసపోయే ఇంట్లో పుట్టింది. మిరప చేలల్లో, గుడారాల ముందు, మూడు రాళ్ల పొయ్యి మీద తినేవాళ్ల ముఖం చూసి తట్టేది. మూటలు మోసేవాళ్లకు మందంగా, పండ్లు ఊడిన ముసలోళ్లకు పలచగా. ఎవరు తింటారో తెలియకుండా తట్టడం ఆమెకు రాదు. ఇక్కడ పనిలో చేరిన ఈ పదకొండు రోజుల్లోనే చేతులు బరువెక్కాయి.

సూపర్‌వైజర్ వీరేష్‌ది ఎమ్మిగనూరు. మొదటి రోజే చెప్పాడు. "ఎవరన్నా అడిగితే 'నేనే చేసినా' అను. ఆ ఒక్క మాట మీదే ఉండాది నీ పని."

ఆమె పదకొండు రోజులూ అంది.

మధ్యాహ్నం కూతురు హెప్సిబాతో వచ్చిన ముసలాయన మద్దయ్య పళ్లెం పట్టుకుని నేరుగా అద్దం దగ్గరికొచ్చాడు.

"యా ఊరమ్మా?"

"కోసిగి."

"మాది పెద్దకడుబూరు. మన ఊర్ల పక్కామె తట్టిన రొట్టె ఇట్టుంటాదా? నాకుండేవి రెండు పండ్లు. అవి గూడా ఊడదీస్తావా?"

చుట్టూ నవ్వారు. వెనక నుంచి వీరేష్ గొంతు సవరించుకున్నాడు. హులిగమ్మ ముసలాయన బోసి దవడ చూసింది.

"అది నేను తట్టింది గాదప్పా. మిషను రొట్టె. నేనీడ ఉత్తసేతుల్తో నాటకమాడతాండా."

వీరేష్ ముఖం నల్లబడింది. "ఏప్రన్ ఆడ పెట్టి ఎల్లిపో. నీ మాదిరి వాళ్లు బస్టాండు నిండా ఉండారు."

"పిలుచుకో పో. మీయమ్మ తట్టిన రొట్టె తినే గదరా నీకింత నోరొచ్చింది!"

ఆమె ఏప్రన్ విప్పింది. కౌంటరు కింద నుంచి, తనకోసం గదిలో కాల్చి తువ్వాల్లో కట్టి తెచ్చుకున్న రెండు రొట్టెల మూట తీసి మద్దయ్య ముందు పెట్టింది.

"పలచగుండాయి. తిను."

చేతులు కడుక్కోకుండానే సరుకుల లిఫ్టులో దిగిపోయింది. ఎవరూ ఆపలేదు.

కాసేపటికి సెక్యూరిటీ వాడు వచ్చాడు. "బయటి తిండి ఇక్కడ తినకూడదు."

"యాడుందప్పా తిండి? అయిపాయ," అంది హెప్సిబా.

వాడు బల్ల మీదికి వంగి చూశాడు. ఎమ్మిగనూరు మగ్గం తువ్వాలొకటి, నాలుగు చెరగులూ చాచుకుని పడి ఉంది.