పదకొండేండ్ల కాగితం

సవిత మూడో రొట్టె పెనం మీద వేస్తుండగా అత్త నర్సవ్వ నువ్వుల నూనె గిన్నె తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. "గిది జర కాగబెట్టు. నందిపేట్ నుంచి బొక్కలు కట్టేటాయన పదింటికి వస్తడు. ఆశా మోకాలు రుద్ది కట్టేస్తడట."

సవిత కూతురు, పదమూడేళ్ల ఆశా నెల రోజులుగా కుంటుతోంది. మోకాలి కింద ఎముక మీద నిమ్మకాయంత వాపు. ఆసుపత్రికి పోదామని సవిత అన్నప్పుడల్లా లాగే, భర్త కిరణ్ కుమార్ ఫోన్లోంచి తలెత్తకుండానే, "పెరిగే వయసుల బొక్కలు నొయ్యవా? నీకన్నీ భయాలే," అన్నాడు.

బోధన్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పే సవితది ఉత్త భయం కాదు. ఆశాకు రెండేళ్లప్పుడు కంట్లో క్యాన్సర్ గడ్డ లేచి కన్ను తీసేసినప్పుడే హైదరాబాద్ డాక్టరమ్మ విడమరచి చెప్పింది. గడ్డలు లేవకుండా కాచే జన్యువొకటి ఈ పిల్లలో చెడిపోయింది. ఎముకను కట్టే కణాలకూ అదే పెద్దదిక్కు. పెరిగింది చాలు, ఇక గట్టిపడండి అని చెప్పేది అదే. తూము మూసేవాడు లేకపోతే నిజాంసాగర్ నీళ్లు చెరకు మడినేం చేస్తాయో బోధన్ ఆడదానికి ఒకరు చెప్పాలా! "ఎదిగే వయసులో మోకాలు నొస్తే ఒక్కరోజు ఆగకు. రుద్దనివ్వకు," అంది డాక్టరమ్మ.

జన్యు పరీక్ష కాగితమూ అప్పుడే వచ్చింది. లోపం తండ్రి నుంచి. "అవ్వకు చెప్పకు, తట్టుకోదు," అని తల్లి కోసం కిరణ్ బతిమాలాడు. సవిత చెప్పలేదు. ఆ పుణ్యానికి చర్చిలోనూ చుట్టాల్లోనూ నర్సవ్వ "అంతా తల్లి రక్తం" అంటూనే ఉంది, కిరణ్ వింటూ అన్నం తింటూనే ఉన్నాడు. నోరుండీ మూగదాన్ని చేశారని సవితకు ఒళ్లు మండని రోజు లేదు.

పొయ్యి ఆపేసింది. చీరల అడుగు నుంచి కాగితం తీసింది.

"అవ్వా, ఆయనను రావద్దను. బొక్కల గడ్డ ఉంటె, రుద్దితే పిల్ల దక్కది. గిది నా రక్తం కాదు, నీ కొడుకు దిక్కు నుంచి వచ్చింది. ఈ కాగితంల రాసున్నది."

నర్సవ్వ నూనె గిన్నెను పొయ్యి దగ్గర నుంచి దూరంగా జరిపింది. పదిహేనేళ్లకే పోయిన తమ్ముడు గుర్తొచ్చాడు. "మా మోజెస్ కాలు గూడ గిట్లనే ఉబ్బె. కట్టు కడుతుంటె నేనే గట్టిగ పట్టుకున్న."

సవితకు జాలేసింది. అయినా ఆగకుండా ఆశా చెయ్యి పట్టుకుంది. పెద్దాసుపత్రికి పోవడానికి నిజామాబాద్ బస్సుకు టైమైంది.

కిరణ్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "అవ్వకు చెప్పొద్దంటిని గద!"

"పదకొండేండ్లు మీ అవ్వను కాపాడిన. ఇగ నా బిడ్డను కాపాడుకుంట. జరుగు."