ఇద్దరికి ఎసరెంత

నేను ఒక ఇత్తడి గుండిగను. ఎనభై ఆరు వరద తీసిన ఏడాది ఇత్తడి పనికి పేరున్న అజ్జరంలో పుట్టాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి మాత్రం గోదావరి నీరు మళ్ళీ గట్టు అంచు దాకా వచ్చిన ఏడాది జరిగింది. మా వైపు సంవత్సరాల అంకెలతో పెద్దగా పని లేదు. ఏ వరదకి ముందు, ఏ వరదకి తర్వాత అంటే చాలు, తెలిసిపోతుంది.

పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. కరిగించారు, పోశారు, సుత్తులతో కొట్టారు. చాలా కొట్టారు. ఇప్పటికీ నా ఒంటి మీద చెయ్యి వేస్తే ఆ దెబ్బలు వరసగా తగులుతాయి. మనిషి ఒంటి మీద ఉంటే గాయాలు, నా మీద ఉంటే పనితనం. వంద మందికి అన్నం ఉడికే కడుపు. బొంగు దూర్చి ఇద్దరు మోయడానికి రెండు చెవులు.

మొదట ఒక సత్రానికి వెళ్ళాను. కొనిచ్చిన షావుకారు నా మెడ మీద తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెక్కించాడు. ఇచ్చింది ఒక గుండిగ, చెక్కించింది మూడు పేర్లు. తిన్న వాళ్ళెవరూ నా మెడ చూడలేదు. అన్నం చూశారు. తర్వాత తేలిగ్గా ఉంటుందని సత్రంలోకి అల్యూమినియం వచ్చింది. నన్ను మూలకి నెట్టి, ఆ పైన వేలం వేశారు. అప్పుడు పాడుకున్నాడు గవర్రాజు.

గవర్రాజు పెళ్ళిళ్ళ వంట మేస్త్రి. పొయ్యి దగ్గర ఆయన నోట వచ్చే మాటలు మూడే. ఎగదోయ్, ఆపు, దించు. పెళ్ళిళ్ళ రోజులు అయిపోయినప్పుడల్లా చేతిలో మిగిలిన దానితో ఒక ఇత్తడి సామాను కొనేవాడు. బ్యాంకులో వేసుకోవయ్యా అన్న వాళ్ళకి, "ఇత్తడి పారిపోదండి" అనేవాడు. ఆ మాట అన్న ఏడాదే ఊళ్ళో చీటీలు కట్టించుకునే ఆయన నిజంగానే పారిపోయాడు. ఆ రోజు మా సావిట్లో గిన్నెలన్నీ ఎంత పొంగిపోయాయో! అంటే నేను వంట పాత్రనే కాదు, ఆయన ముసలితనానికి దాచుకున్న డబ్బుని కూడా. డబ్బులో ఎసరు పోసి పొయ్యెక్కించడం ఎక్కడైనా విన్నారా? మా ఇంట్లో అదే జరిగేది.

ఆయన భార్య పాపాయమ్మ. ఇల్లు కట్టిన అప్పు తీర్చడానికి రెండేళ్ళకని కువైట్ వెళ్ళింది, ఒక పెద్ద ఇంట్లో వంటకి. అప్పు తీరింది. తర్వాత రేకులు తీసి స్లాబు వేయడానికి ఇంకో రెండేళ్ళు. తర్వాత ఈయన కళ్ళ ఆపరేషన్‌కి ఇంకో రెండేళ్ళు. నడుమ నడుమ నెల సెలవు మీద వచ్చి, సబ్బులూ ఖర్జూరాలూ వీధంతా పంచి వెళ్ళిపోయేది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో మనుషుల కన్నా గిన్నెలమే ఎక్కువ.

ఆ ఏడు సెలవు మీద వచ్చినప్పుడు మాత్రం ఖర్జూరాలతో పాటు ఒక ప్రశ్న కూడా తెచ్చింది. నన్ను బోర్లించి, నా వీపు మీద కూర్చుని అడిగింది.

"ఏవండీ, ఇంక నా వల్ల కాదండి. మోకాళ్ళు పోయాయి. మీకా, భుజం లెగడం లేదు. మా మేడమ్ ఏమందో తెల్సా? మీ ఆయన్ని కూడా తెచ్చేసుకో, ఇంటెనక గది ఇత్తాను, మొక్కలకి నీళ్ళు పోసుకుంటే చాలు, పోయేదాకా తిండీ మందులూ నావే అంది. లేదంటే బ్యాంకులో నాది కొంచెం ఉంది, మీ గిన్నెలున్నాయి. దాంతో ఇక్కడే ఉండిపోగలమా? సరిపోద్దంటే తిరుగు టికెట్టు అవతల పారేత్తాను. సరిపోదంటే ఇద్దరం ఎల్లిపోదాం. చెప్పండి."

గవర్రాజు వరసగా ఉన్న గిన్నెల వంక చూశాడు.

"ఎంతమందికి?" అన్నాడు.

"ఎంతమందికేంటండీ! మనిద్దరికీ!"

"వంద మందికైతే చెప్పగలను."

ఆమె నవ్విన నవ్వుకి నేను ఖంగున మోగాను. కానీ ఆయన వేళాకోళానికి అనలేదు. పెళ్ళి పందిరిని ఒక్కసారి చూసి ఎన్ని బస్తాలు దింపాలో చెప్పగల మనిషి, ఇద్దరికి ఎప్పుడూ వండలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో పెళ్ళివారింట తిన్నాడు, మిగతా రోజుల్లో మెస్సులో తిన్నాడు. ఆమె ఏమో వేరే వాళ్ళ ఇంటిల్లిపాదికీ వండి, వాళ్ళు తిన్నాక తిన్నది; సెలవు నెలలు చుట్టాల ఇళ్ళకి తిరగడంతోనే సరిపోయేవి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, ఇద్దరు మనుషులకి నెలకి ఎంత కావాలో ఆ ఇద్దరికీ తెలియదు.

"అయితే ఈ నెల కాపురం చేసి చూద్దాం" అంది పాపాయమ్మ. "తెలిసిపోద్ది."

నాకు ఎంత హుషారు వచ్చిందో చెప్పలేను. ఎందుకంటే మిగతా గిన్నెలకి లోపలి కళాయి పూత పోయింది. పూత లేని ఇత్తడిలో వండితే కిలుం పడుతుంది, పూత ఉన్నది నాకొక్కదానికే. వండితే నాలోనే వండాలి!

మర్నాడు ఆయన రెండు గ్లాసుల బియ్యం నా అడుగున పోశాడు. పెద్ద పందిట్లో ఇద్దరే కూర్చున్న భోజనాల బంతిలా ఉంది. తొంగి చూశాడు. చూడలేకపోయాడు. ఇంకో గ్లాసు పోశాడు. ఇంకోటి. ఆ తర్వాత ఆయన చెయ్యి ఆయన మాట వినలేదు. దానికి తోడు ఆయనకి పని నేర్పిన పెద్దాయన పెట్టిన అలవాటు ఒకటి ఉంది, ఎంతమందికి వండినా ఒక విస్తరి ఎక్కువ వెయ్యాలి. పిలవని మనిషి ఒకడు వస్తాడు, వాడు కూడా కూర్చుని తింటేనే వంట అయినట్టు.

ఆ రోజు ఇద్దరి కోసం చేసిన పులిహోర వీధంతా తిన్నది.

ఎదురింటి కామేశం గారు బ్యాంకులో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. రెండోసారి వడ్డించుకుంటూ అన్నాడు. "ఫోన్లో చెప్తున్నారండి మేస్త్రి గారూ, పని మానేసి కూర్చోవాలంటే ఈ రోజుల్లో కోటి ఉన్నా చాలదంట. మన దేశంలోనే అలాగైతే, బయట దేశంలో ఇంకెంత కావాలో!"

"బయట దేశంలో మాకు పైసా అక్కర్లేదండి" అంది పాపాయమ్మ. "గది ఆళ్ళది, తిండి ఆళ్ళది, తాళం కూడా ఆళ్ళదే. ఇంతకీ మీకెంతుందండి, కోటి?"

కామేశం గారికి మిరపకాయ అడ్డం పడింది. నీళ్ళు తాగి, ఇంకొంచెం పులిహోర పెట్టించుకుని వెళ్ళాడు.

"పెళ్ళి కాదండీ ఇది, కాపురం!" అని ఆమె రోజూ ఆయన చెయ్యి పట్టుకుని ఆపేది. నెమ్మదిగా బియ్యం తగ్గింది. నూనె తగ్గింది. సంచీ పట్టుకుని తనే బజారుకి వెళ్ళేది. ఉల్లిపాయల ధర పెరిగిన రోజు కువైట్ అనేది, దిగిన రోజు మన ఊరే అనేది. సావిట్లో నేను ఒక రోజు తూకానికి అమ్మే కాటాకి తయారవుతున్నాను, ఒక రోజు పొయ్యికి తయారవుతున్నాను. నిద్ర అన్నది ఉంటే నాకు పట్టేది కాదు.

టికెట్టు తేదీ దగ్గరకి వచ్చాక ఆమె తేల్చి చెప్పింది. "నా డబ్బు మీద వచ్చే వడ్డీ తిండికి సరిపోద్ది. గిన్నెలమ్మితే ఒకటి రెండేళ్ళు ఇంకా బాగా సరిపోద్ది. కానీ ఒక జబ్బు చేసిందనుకోండి, అంతా ఎగిరిపోద్ది. నాతో పనిచేసిన రత్తాలు నాకంటే ఎక్కువే పట్టుకుని వచ్చేసింది. ఏడాది తిరక్కుండా మళ్ళీ విమానం ఎక్కింది. నాకు భయమేత్తందండి."

గవర్రాజు అడిగాడు. "ఆ గదిలో పొయ్యి ఉంటదా?"

"ఉండదు. ఆళ్ళింట్లోంచి పంపిత్తారు."

ఆయన లేచి బయటికి వెళ్ళాడు. కువైట్ ఖాయమైపోయిందనుకున్నాను. అంటే నేను కాటాకే.

అప్పుడే వరద వచ్చింది.

నది మధ్య ఉన్న ఎదుటి లంక మునిగింది. పడవల మీద పిల్లల్నీ మేకల్నీ వేసుకుని మనుషులు గట్టెక్కారు. ఆఫీసర్లు బియ్యం బస్తాలు దింపించారు గానీ, వండే వాళ్ళు లేరు. ఎవరో పరుగెత్తుకొచ్చి, "మేస్త్రి గారూ, గుండిగ!" అని అరిచారు. నా చెవుల్లోంచి బొంగు దూరింది. వానలో, బురదలో, ఊగుతూ గట్టు మీదికి వెళ్ళాను. ఎన్ని పందిళ్ళు చూశాను, అంత ఉత్సాహం ఎప్పుడూ కలగలేదు. ఇల్లు కూడా మునుగుతుందేమోనని పాపాయమ్మ పాస్‌పోర్టూ టికెట్టూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడుముకి కట్టుకుని వెనకే వచ్చింది.

కట్టెలు తడిసిపోయాయి. పొగ. గవర్రాజు తెడ్డు నాలో దింపి తిప్పబోయాడు. భుజం పట్టేసింది. తెడ్డు చేతిలోంచి జారింది. నీరు చూసినా బెదరని జనం అది చూసి బెదిరారు. పాపాయమ్మ కొంగు బిగించి తెడ్డు అందుకుంది.

"ఎసరు చాలదు. ఇంకో రెండు బిందెలు" అన్నాడు ఆయన.

"సరిపోద్ది. అన్నం ముద్దయిపోద్ది."

"చాలదు."

"నేనూ వంటే చేశానండీ ఇన్నేళ్ళూ! గాడిదల్ని కాయలేదు!"

లంక ముసలావిడ ఒకామె గోనె కప్పుకుని కూర్చుని ఉంది. "ముందు అన్నం వండండమ్మా, కాపురం తర్వాత చేద్దురుగాని" అంది. గట్టంతా నవ్వింది. ఆయన ఒక బిందె పోయించాడు. రెండో బిందె ఆమె పోయనివ్వలేదు. అన్నం పువ్వులా ఉడికింది.

మూడు రోజులు అలాగే. ఆయన "ఎగదోయ్, ఆపు, దించు" అనేవాడు, ఆమె తిప్పేది. మూడో రోజు నీరు తీసింది. లంక వాళ్ళు తిని పడవలెక్కారు. సాయంత్రం వీళ్ళిద్దరూ నా లోపలికి తొంగి చూస్తే ఒక్క మెతుకు లేదు. అడుగున మాడు మాత్రం ఉంది. పొద్దుటి నుంచీ ఇద్దరూ ఏమీ తినలేదు.

ఆమె గరిటెతో గీకింది. ఆ చప్పుడు నాకు సన్నాయిలా వినపడింది. ఒకే విస్తరిలో మాడు, దాని మీద ఆవకాయ. వెచ్చగా ఉన్న నన్ను ఆనుకుని కూర్చుని ఇద్దరూ తిన్నారు. నా జన్మలో నన్నానుకుని ఇద్దరు ఒకే విస్తరిలో తినడం అదే మొదలు.

"చాలింది" అంది.

"చాలిందా?"

"చాలడమేంటి, ఇంకో ముద్ద మిగిలింది కూడాను. చూడండి."

అప్పుడు కింద నుంచి ఆఖరి పడవ కట్టేసి పడవవాడు, పిలవని మనిషి, పైకి వచ్చాడు. తడిసి ముద్దయిపోయి ఉన్నాడు. ఖాళీగా ఉన్న నన్ను చూసి, తినేశానని అబద్ధం చెప్పి వెళ్ళిపోబోయాడు.

"ఇదిగో అబ్బాయ్, రా. ఒక ముద్ద తినిపో" అంది పాపాయమ్మ.

అతను తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళాడు. ఆమె విస్తరి మడవబోయి ఆగింది.

"ఏవండీ, ఈ మాట నేను అక్కడ ఒక్కసారి కూడా అనలేదు. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో వండాను గదా, ఎవర్నీ తినిపొమ్మని అనలేదు. నా గుమ్మం కాదు గదండీ అది."

"జబ్బు చేత్తే?" అన్నాడు గవర్రాజు.

"జబ్బుకి మీ గిన్నెలు. వాటికి కళాయి పోయిద్దాం, పెళ్ళిళ్ళకి అద్దెకిద్దాం, అమ్మొద్దు. అయినా చాలకపోతే చాలదు. అక్కడ మాత్రం పోకుండా ఉంటామా?"

నడుముకి కట్టిన సంచి విప్పి టికెట్టు కాగితం నిప్పుల్లో వేసింది. తడి నేల మీద నిప్పు సగం ఆరింది, అంటుకోలేదు. నేను ఊపిరి బిగబట్టాను. ఆమె వంగి ఊదింది. ఇంకోసారి ఊదింది. అంటుకుంది! పాస్‌పోర్టు మాత్రం మళ్ళీ జాగ్రత్తగా చుట్టి నడుముకి కట్టుకుంది. మనుషులు ఎంత తెగించినా ఒక కన్ను తలుపు మీద ఉంచుకుంటారు.

గవర్రాజు నా దగ్గరికి జరిగాడు. నా అంచు మీద చెయ్యి వేసి, పూర్తిగా చల్లారేదాకా తీయలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో తెచ్చాడు. మిగతా గిన్నెల్ని ముట్టుకోలేదు. నన్ను ఒక్కదాన్నే ఎక్కించి అజ్జరం తీసుకెళ్ళాడు. నేను పుట్టిన ఊరే. అవే సుత్తుల చప్పుళ్ళు.

"కాటా వేసి డబ్బులిమ్మంటారా మేస్త్రి గారూ?" అన్నాడు కొలిమి దగ్గరి పనివాడు.

"ముందు ఇందులోంచి అన్నం గిన్నె ఒకటి చెయ్యి. మిగిలిన దానికి డబ్బులు, వాటితో ఇంట్లో గిన్నెలకి కళాయి పోయించాలి."

"ఎంతమందికి?"

"ఇద్దరికి."

పనివాడు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి నవ్వాడు. "పేరు చెక్కాలా?"

"వద్దు."

నన్ను తీసుకెళ్ళి పాత ఇత్తడి కుప్ప మీద పెట్టారు. విరిగిన కుందులు, నొక్కులు పడిన చెంబులు, నాలుక లేని గంటలు. అవి దిగులుగా ఉన్నాయి. నేను లేను. కొలిమి తిత్తి ఊగుతుంటే నాకు కడుపులో ఎసరు మరుగుతున్నట్టే ఉంది. ఇద్దరికి చాలేంత చిన్నదాన్ని అవుతాను, రోజూ పొయ్యెక్కుతాను!

గవర్రాజు ఆటో దాకా వెళ్ళాడు. ఒక కాలు ఆటోలో పెట్టి ఆగాడు. దిగాడు. వెనక్కి వచ్చాడు.

"ముగ్గురికి చెయ్యి" అన్నాడు.