కాశయ్య బిగించిన బోల్టులు

గొట్టంలో చేరిన గాలి పోవడానికి డీజిలు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చిన్న పంపును బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాడు ధన్‌సింగ్. మొదట నురగ వచ్చింది. నొక్కగా నొక్కగా బుడగలు పోయి డీజిలు తేటగా కారింది. స్క్రూ బిగించి వేళ్లు ఖాకీ చొక్కాకు తుడుచుకున్నాడు. లాంచీ అడుగున మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని చేయాల్సిన పని అది. అరవై దాటిన నడుము ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే మాత్రం వినేవాడెవడు? పక్కన లైటు పట్టుకుని కూర్చునే కాశయ్య పోయిన వారం నుంచి రావడం లేదు.

రావడం లేదు అనడం మర్యాదకు. పంపించింది ధన్‌సింగే.

గట్టు మీద నుంచి బాలకృష్ణ తొంగి చూశాడు. "మామా, తయారేనా?"

"అవ్. రమణను రమ్మను."

లాంచీ బాలకృష్ణది. ధన్‌సింగ్‌దీ అతనిదీ టేకులపల్లి దగ్గర ఒకే తండా. భద్రాచలం దిగువన నది వెంట ఉన్న ఊళ్లకు సరుకు తోలాలని పాత లాంచీ ఒకటి కొన్నాడు. దానికి ఇంజను కట్టాలంటే మా మామే కట్టాలని పంతం పట్టాడు. లోయలో పడ్డ లారీ ఇంజను ఒకటి తెచ్చారు. రేడియేటరు పీకేసి, దాని చోట గోదావరి నీళ్లతో చల్లబడే కూలరు పెట్టారు. పంకాతో పని లేదు. గేరుబాక్సు వేరు, షాఫ్టు వేరు. లారీలు తప్ప వేరే లోకం ఎరగని ధన్‌సింగ్‌కు ఇది కొత్త. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

బొగ్గు లారీ మీద క్లీనరుగా మొదలైన బతుకు అతనిది. పాల్వంచ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని, ఎండలో మరిగిపోయే లారీలకు డాక్టరయ్యాడు. ఇంజను ధన్‌సింగ్ అంటే ఆ దారిలో డ్రైవర్లందరికీ ఎరుక. ఎడమ చెవి ఎప్పుడో మొద్దుబారింది. ఏది వినాలన్నా కుడి చెవి తిప్పుతాడు. చూసేవాళ్లకు అది గర్వంలా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే కొంచెం గర్వమే.

ఈ ఇంజను ఆ గర్వాన్ని నేలకు దించింది. మొదటిసారి షాఫ్టు వంకరగా కూర్చుని లాంచీ అంతా వణికింది. రేకు ముక్కలు కత్తిరించి ఇంజను కింద పెట్టి సరిచేశారు. తర్వాత నది నీళ్లు లాగే పైపు జల్లెడలో ఇసుక పట్టి నీళ్లు ఆగిపోయాయి. అదీ దారికొచ్చింది. కానీ వేడి మాత్రం దారికి రాలేదు. రేవు దగ్గర బుద్ధిగా తిరిగే ఇంజను, నది మధ్యలో బరువు పడగానే మరిగిపోయేది. అలా మరిగి మరిగి పోయిన వారం ఇంజను హెడ్డు కింద పరిచే హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది.

హెడ్డు ఎత్తి చూస్తుంటే బాలకృష్ణ అడిగాడు. "ఏమైంది మామా? ఎందుకు గిట్ల అయితుంది?"

ధన్‌సింగ్‌కు తెలియదు. తెలియదన్న మాట నాలుక మీదికి రాలేదు. ఎదురుగా కాశయ్య కనిపించాడు.

"బోల్టులు సమంగా బిగియ్యలే వీడు. చెయ్యి వణుకుతుంది. పనికిరాడు ఇగ."

కాశయ్య కిందికి చూశాడు. పొట్టి మనిషి, బట్టతల, ఎప్పుడూ మెడలో ఎర్ర తువ్వాలు. బొగ్గుబాయిలో కాంట్రాక్టు కూలి పని పోయాక, మీసం సరిగా రాని వయసులో, షెడ్డుకు వచ్చి ధన్‌సింగ్ దగ్గర చేరినవాడు. ఉస్తాద్ మాటకు ఎదురు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. ఆ రోజూ చెప్పలేదు. చేతులు ఒకసారి ముందుకు చాపి, వేళ్లు చూసుకుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని గట్టెక్కి వెళ్లిపోయాడు.

ఈ రోజు పరీక్ష చివరిది. ఇప్పుడూ మరిగితే ఇంజను పీకి తుక్కుకు వేస్తానని బాలకృష్ణ నిన్ననే చెప్పాడు. నొచ్చుకుంటూనే చెప్పాడు.

రమణ చుక్కాని పట్టుకున్నాడు. గోదావరి మీద ముసలాడైన సరంగు. ఎవరి జోలికీ పోడు. లాంచీ రేవు వదిలింది. వానలు తగ్గి నీళ్లు దిగుతున్న రోజులు, అక్కడక్కడా ఇసుక మేటలు బయటపడ్డాయి. బరువుకు ఇసుక బస్తాలు వేశారు. నది నడుమకు వెళ్లి ఇంజను వేగం పెంచగానే వేడి చూపే ముల్లు మెల్లగా జరిగింది, పచ్చ దాటింది, ఎరుపు దగ్గరకు వచ్చింది. మూత దగ్గర ఆవిరి కూసింది.

"బందు పెట్టు!" అని అరిచాడు ధన్‌సింగ్.

ఇంజను ఆగింది. లాంచీ ప్రవాహంలో పక్కకు కొట్టుకుపోయి ఒక మేట మీద మెత్తగా కూర్చుంది. బాలకృష్ణ ముల్లు వైపు చూస్తూ అన్నాడు. "ఈసారి బోల్టులు నువ్వే బిగిస్తివి గదా మామా."

ఎత్తిపొడుపు లేదు అందులో. పిల్లవాడు ఉన్నమాట అన్నాడు. ధన్‌సింగ్‌కు చెవులు మండాయి. అవును, తనే బిగించాడు. నిందించడానికి పక్కన మనిషి మిగల్లేదు.

అప్పుడు, మరో పని తోచక, పైపుల మీద చేయి పెట్టాడు. కూలరుకు వెళ్లే పెద్ద పైపు చల్లగా ఉంది. మరిగిన ఇంజను నుంచి వచ్చే పైపు చల్లగా ఎలా ఉంటుంది? పక్కనున్న పొట్టి పైపు పట్టుకున్నాడు. చురుక్కుమని అరచేయి కాలింది. చేయి తీయకుండా క్షణం అలాగే ఉండిపోయాడు.

నీళ్లు కూలరుకు పోవడమే లేదు. అడ్డదారిన తిరిగి తిరిగి ఇంజనులోకే వస్తున్నాయి. వేడెక్కగానే కూలరు దారి తెరిచి ఆ అడ్డదారిని మూసే థర్మోస్టాట్ వాల్వు ఇంజనులో లేదు. తీసింది తనే. మొదటి రోజే పీకి తుక్కు డబ్బాలో పడేశాడు. మన ఎండలకు ఇది అడ్డం అంటూ కొన్నేళ్లుగా ప్రతి లారీకీ అదే పని చేశాడు, ప్రతి శిష్యుడికీ అదే నేర్పాడు. పాత ఇంజన్లలో అడ్డదారి సన్నగా ఉండేది కాబట్టి చెల్లిపోయింది. దీనికి ఆ దారి వాటికంటే వెడల్పు. బోల్టులు సక్రమంగానే ఉన్నాయి. గ్యాస్కెట్ కాలింది వేడికి. వేడి పుట్టింది ధన్‌సింగ్ చేతిలో.

ఇన్ని రోజులు ఆ పైపు మీద చేయి పెట్టకపోవడానికి కారణం ఒక్కటే. తప్పు ఎవరిదో ముందే తేల్చుకున్నాడు. సిగ్గు అన్నది ఇంత బరువుంటుందని అతనికి ఆ మేట మీదే తెలిసింది.

"చిన్న వాల్వు ఒకటి పెట్టాలె," అన్నాడు. దాన్ని పీకింది ఎవరో చెప్పలేదు.

ఇంకో పడవ వచ్చి వాళ్లను లాక్కెళ్లింది. ఈ పని కోసం రేవు పక్కన వేసుకున్న షెడ్డులో తుక్కు డబ్బా బోర్లించి, వాల్వు ఏరి, కడిగి, వేడినీళ్లలో వేసి తెరుచుకుంటుందో లేదో చూశాడు. తెరుచుకుంది. దొంగతనం చేసినవాడిలా వెనక్కి చూసుకుంటూ దాన్ని దాని చోట కూర్చోబెట్టాడు.

మధ్యాహ్నం లాంచీ బస్తాలతో ఎదురు ప్రవాహంలో వంతెన దాకా వెళ్లి వచ్చింది. ముల్లు పచ్చలోంచి కదల్లేదు. రమణ మొదటిసారి నవ్వాడు. బాలకృష్ణ ఎగిరి గంతేసి ధన్‌సింగ్ భుజాలు పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పిందే నిజం మామా! కాశయ్య చెయ్యి తీసినంక ఇంజను గాడిల పడ్డది."

ఇదే సమయం. ఒక్క మాట చాలు. ధన్‌సింగ్ నోరు తెరిచాడు. "చాయ్ తెప్పియ్యి," అన్నాడు.

చాయ్ తాగాడు. పొగడ్తలన్నీ విన్నాడు. ఒక్కొక్కటీ చెంపదెబ్బలా తగులుతుంటే తలాడించాడు కూడా. తర్వాత లేచి, ఈ పని మొదలయ్యాక కాశయ్య అద్దెకు దిగిన వీధికి నడిచాడు. ముందు కాశయ్యకు చెప్పాలి, ఆ తర్వాత బాలకృష్ణకు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. ఏ మాటా సరిపోలేదు.

గదికి తాళం వేసి ఉంది. పక్కింటి భారతమ్మ చింతపండు గింజలు తీస్తూ తలెత్తింది.

"కాశయ్యనా? ఖాళీ చేసి పోయిండ్రు గదా, గిప్పుడే. భార్య బతుకమ్మను తీసుకొని ఏన్కూరు బస్సెక్కిండు. బామ్మర్ది మిరప తోటకు కాపలా ఉంటడంట."

"ఇంజను పని?"

"ఇగ ఇంజను ముట్టనన్నడు. చేతులు వణుకుతున్నయంట. నాకైతే వణికినట్టు కానరాలే. ఉస్తాదే చెప్పిండు, ఉస్తాద్‌కు తెల్వదా అన్నడు."

ఫోను తీసి కాశయ్య నంబరు కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. ఫోను జేబులో వేసుకున్నాడు.

"బోల్టులు సక్కగనే బిగించిండమ్మా కాశయ్య," అన్నాడు. "తప్పు నాది. నేనే చేసిన."

భారతమ్మ అతని వైపు వింతగా చూసింది. "నాకు చెప్తే ఏం లాభం అన్నా?" అని లోపలికి వెళ్లి, పాత బనీను గుడ్డలో చుట్టినది ఒకటి తెచ్చి ఇచ్చింది. "నువ్వు వస్తవనే అన్నడు. వస్తే ఇయ్యమన్నడు."

బోల్టులు బిగించే రింగు స్పానరు. పాల్వంచ రోడ్డు షెడ్లలో ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడు మొదటిసారి ఒంటరిగా ఇంజను మూసిన రోజు, ఉస్తాద్ తన పెట్టెలోంచి ఒక స్పానరు తీసి ఇస్తాడు. అది ఇక వెనక్కి రాదు. పని మానినా ఇంట్లోనే ఉంటుంది, మనిషి పోతే కొడుకు దాచుకుంటాడు. కాశయ్యకు ధన్‌సింగ్ ఇచ్చింది ఇదే.

గడప మీద కూర్చుని గుడ్డ పూర్తిగా విప్పాడు. కిరోసిన్‌లో శుభ్రంగా కడిగి, తుప్పు పట్టకుండా పూసిన నూనె అతని వేళ్లకు అంటింది.