ముస్తాక్ ఎనభై, నేను పన్నెండు

గండికోట పక్కన మధులతమ్మ టూరిస్టుల క్యాంపు పెట్టి, రెండు క్వాడ్ బండ్లు తెప్పించింది. క్వాడ్ అంటే పెద్ద వింతేమీ కాదు, మోటారు సైకిలుకు ఎద్దు మాదిరి నాలుగు కాళ్లు పెడితే అదే. ఎర్రది గంటకు ఎనభై పోతుంది. పచ్చది ముసలిది, ముక్కి మూలిగి ముప్పై.

టూరిస్టులను కొండదారిలో తిప్పడానికి ఆమెకు ఒక్క మనిషే కావాలి. వచ్చింది ఇద్దరం, నేనూ ముస్తాకూ. ఆ పని దొరక్కపోతే నేను మళ్లీ మంగంపేట గనులకు పోయి ముగ్గురాయి లారీలకెత్తాలి. మూడేళ్లు ఎత్తాను. ఆ మూడేళ్లూ నేను తుమ్మితే మా వాకిట్లో ముగ్గు పడేది, చుక్కలతో సహా.

పోటీ పెడదామంది మధులతమ్మ. చీటీ వేస్తే ఎర్రబండి ముస్తాక్‌కు పోయింది. తీర్పు చెప్పడానికి పెద్ద ఈరన్నను పిలిచారు. నలభై ఏళ్లుగా బండలాగుడు పోటీల్లో విజిలూ టేపూ ఆయనవే. ఎద్దులు ఇరవై నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగాయో కొలవడం తప్ప ఆయనకు వేరే పోటీ తెలియదు. ఇక్కడా అదే కట్టుబాటు పెట్టాడు. కొండదారిలో పైకి ఇరవై నిమిషాలు, నేల మీద ఎవరి చక్రాల జాడ పొడుగుంటే వాళ్లదే పని. ముస్తాక్‌కు నవ్వాగలేదు.

"ఎనభైకీ ముప్పైకీ టేపెందుకు తాతా, కండ్లు చాలవా?"

విజిల్ పడింది. ముస్తాక్ ఎంత జోరుగా పోయాడంటే వాడి నీడ వెనకబడింది. రొప్పుతూ నా దగ్గరికొచ్చి, ముస్తాక్ యాడికి పోయాడని అడిగింది. పాపమని వెనక ఎక్కించుకున్నాను. కాసేపటికి నా నడక చూసి విసుగొచ్చి దిగిపోయింది.

నేను పన్నెండు మీద పోతున్నాను, రాయి రాయినీ అడిగి దాటుతూ. ఒక తొండ నన్ను దాటి పోయి, వెనక్కి తిరిగి తల కూడా ఊపింది. ముస్తాక్ దారిలో మొదటి రాతిగుండుకు తగిలి పైకి లేచాడు. దిగడం రెండో గుండు మీద, మళ్లీ పైకి. గద్ద ఒకటి పక్కకు జరిగి దారిచ్చింది.

"తిమ్మన్నా, మీటరు తొంబై చూపిస్తాండాది," అని పైనుంచి కేకేశాడు.

"కొండ యాడుండాదో అది చూపిస్తాందా?" అన్నాను.

రెండో విజిల్ పడేసరికి వాడు కొండ కొనన నీళ్లు తాగుతున్నాడు. నేను సగం దారిలో ఉన్నాను. నోట్లో ముగ్గురాయి దుమ్ము రుచి తగిలింది. మధులతమ్మ అప్పుడే పని ముస్తాక్‌దే అనబోయింది. టేపు పడనిదే మాట లేదన్నాడు ఈరన్న.

కొలుచుకుంటూ అందరం కొండ కొనకు చేరేసరికి సాయంత్రమైంది. నా జాడ ఎక్కడా తెగలేదు, పదకొండు వేల అడుగులు. ముస్తాక్‌ది ఇక్కడ నాలుగడుగులు, అక్కడ రెండు. అంతా కూడితే ఆరువందల పన్నెండు.

"నేను పైకి చేరినా కదా తాతా."

"చేరినావప్పా. ఎద్దు బండను ఎగరేస్తే అడుగులు కడతామా? నేల మీద లాగిందే లాగినట్టు."

మధులతమ్మకు ఈ లెక్క నచ్చలేదు. ముస్తాక్‌కే ఇద్దామని ఎర్రబండి చుట్టూ తిరిగి చూసింది.

"ముస్తాకూ, టూరిస్టు కూర్చునే సీటు యాడ?"

మూడో గుండు దగ్గర రాలిపోయిందని వాడు మెల్లగా చెప్పాడు. రాలేటప్పుడు దాని మీద ఎవరూ లేరు కదా అని కూడా అన్నాడు. ఆమె నా వైపు తిరిగింది. పొద్దున ఆరుకు రమ్మని నాతో చెప్పింది. నేను ఐదుకే వస్తానన్నాను. నాలుగుకైనా సరేనన్నాను.

ఎర్రబండి ఇక కదలనంది. ముస్తాక్‌ను నా వెనక ఎక్కించుకొని కొండ అంచునే దింపుకొచ్చాను, పన్నెండు మీదే. వాడు నా నడుము గట్టిగా పట్టుకొని కిందికి చూశాడు.

"తిమ్మన్నా, ఈడ ఇంత లోయ ఉండాదా? కింద పెన్న కూడా పోతాండాదే."

"ఉండాది. పొద్దున దాని మీద మూడుసార్లు దూకినావు."

వాడు నా చొక్కా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పన్నెండు శానా ఎక్కువైతాంది," అన్నాడు. "పదికి తగ్గించన్నా."