ఉప్పు చూసేవాడు

గల్ఫ్‌లో సజ్జా అనే చోట, కూలీల క్యాంపులోని ఆ గదిలో త్రిమూర్తులుకి మిగిలింది ఒక్కటే పని, గిన్నెలు తోమడం. మిగతా ముగ్గురికీ వంట వంతులుండేవి. వేసవిలో ఒకసారి ఫోన్‌లో పెళ్ళాంతో కబుర్లలో పడి పప్పు మాడబెట్టిన పాపానికి, గదికి పెద్దయిన పీరా అతని వంతు పీకేశాడు. ఒక్క పప్పుకి ఇంత శిక్షా! కోనసీమలో పెళ్ళివంటల జట్టుతో తిరిగిన మనిషికి అది చెంపదెబ్బే. వంతు తిరిగి దక్కితే తప్ప తలెత్తుకోలేననుకున్నాడు.

2004 రంజాన్ మొదటి రోజది. మదనపల్లె వాళ్ళు పీరా, యాసీన్, కలీం ముగ్గురూ రోజా ఉపవాసంలో ఉన్నారు. డ్యూటీ తొందరగా అయిపోయింది. పక్క గదివాళ్ళనీ ఇఫ్తారుకు పిలిచి, పీరా పెద్ద దేగిసాలో గంజి పెట్టాడు. రోజాలో ఉన్నవాళ్ళాయె, ఒక్కరూ రుచి చూడలేదు. పీరా ఉప్పు వేసి నమాజుకి వెళ్ళాడు. మరిచిపోయాడేమోనని యాసీన్ వేశాడు. ఎవరూ వేయలేదనుకుని కలీం ఇంకో గుప్పెడు వేశాడు. ముగ్గురూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు.

"ఉప్పేసినాను భాయ్," అని నమాజు నుంచి తిరిగొచ్చిన పీరాతో కలీం గొప్పగా చెప్పాక బండారం బయటపడింది. ముగ్గురూ దేగిసా వంక బిక్కమొహాలేసుకుని చూశారు.

"నేను చూస్తానండీ," అన్నాడు త్రిమూర్తులు.

"నీకు వంటతో పనేముందప్పా? పో, గిన్నెలు చూసుకో," అని పీరా కసిరాడు.

త్రిమూర్తులుకి ఒళ్ళు మండింది. "నాకు రోజా లేదు కదండీ, నాలుకుంది," అంటూ గరిటెడు నోట్లో పోసుకున్నాడు. కళ్ళు తిరిగాయి.

"ఎట్లుంది?"

"ఒంటె కూడా ముట్టదండీ."

పీరా నెత్తి పట్టుకున్నాడు. అజాన్‌కి అట్టే సమయం లేదు. వరండాలో పక్క గదివాళ్ళు అప్పుడే చాపలు పరుస్తున్నారు. పారబోద్దామన్నాడు యాసీన్.

"పారబోస్తే చెయ్యి విరగ్గొడతాను!" అని త్రిమూర్తులు గర్జించాడు. ఆ గదిలో అతని గొంతు లేవడం అదే మొదలు. "యల్లా, కదలండి! కలీం, రెండో పొయ్యి ఎలిగించు. నూకలు, పెసరపప్పు ఉడకెయ్యి. ఉప్పు డబ్బా మటుకు నాకిచ్చెయ్. పీరా భాయ్, మీరు కొబ్బరిపాల డబ్బాలు కొయ్యండి."

గది పెద్ద కత్తి అందుకుని డబ్బాలు కోశాడు. త్రిమూర్తులు ఉప్పటి గంజిని రెండు దేగిసాల్లోకి పంచి, చప్పటి గంజీ కొబ్బరిపాలూ పోసి కలిపాడు. ఉల్లిపాయ, అల్లం, పుదీనాతో తాళింపు పెట్టాడు. రుచి చూశాడు, ఇంకాస్త పాలు పోశాడు, మళ్ళీ చూశాడు. ఉప్పు కుదిరింది.

అజాన్ వినబడింది. ఖర్జూరాలు తిని గంజి నోట పెట్టినవాళ్ళు గిన్నెలు మళ్ళీ చాపారు. రెండింతలైన గంజి వరండా చివరి గదుల దాకా వెళ్ళింది. ఎవరు వండారని పక్క గది జిలానీ బాషా అడిగాడు.

"మా త్రిమూర్తులప్పా," అన్నాడు పీరా అందరికీ వినబడేలా. "ఇంక నెలంతా ఇఫ్తారు వంట ఈయనదే. ఖలాస్."

త్రిమూర్తులు గబుక్కున లేచాడు. అలవాటుగా దేగిసాలు ఎత్తబోయాడు. పీరా చెయ్యి పట్టి ఆపాడు.

"వండినోడు తోమేదేందప్పా? కూచో."

పీరా చొక్కా చేతులు మడిచి కుళాయి దగ్గర కూర్చున్నాడు. త్రిమూర్తులు చాపమీద కాళ్ళు బార్లా చాపుకున్నాడు. రాజ్యం గెలిచినంత సంబరంగా ఉంది.

"పీరా భాయ్," అని కేకేశాడు, "అడుగు బాగా రుద్దండి, ఆయ్!"

వరండా అంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా పీరాయే నవ్వాడు.